ఐకాన్ తెరుచుకోకపోతే ఖాతా పోయినట్టు కాదు

ప్రొద్దుటూరు బంగారు కొట్లలోగానీ బట్టల మార్కెట్‌లోగానీ పదో తేదీ సాయంత్రం గల్లా దగ్గర కాసేపు నిలబడితే పని ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. నెలవారీ జీఎస్టీఆర్-1 దాఖలుకు గడువు 11వ తేదీ. ఆడిటరు ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను వస్తుంటుంది. గుమాస్తా డెస్క్‌టాప్ మీది లెక్కల ఐకాన్‌ను రెండుసార్లు నొక్కుతాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలున్న చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది, లెక్కలు మాత్రం రావు. "అన్నా, డేటా పోయింది" అని ఓనరుకు కబురు వెళ్తుంది.

చాలా సందర్భాల్లో ఆ మాట నిజం కాదు. డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని దగ్గరికి పోయే దారి మాత్రమే తెగి ఉంటుంది. ఈ తేడా తెలియక, కంగారులో చేసిన రిపేరు వల్ల నిజంగానే డేటా పోగొట్టుకున్న వాళ్లున్నారు. అందుకే ఈ విషయాన్ని ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తంగా చూడాలి. షార్ట్‌కట్ ఎందుకు మొరాయిస్తుంది, ఏ చికిత్స పని చేస్తుంది, ఏది హాని చేస్తుంది, అన్నిటికన్నా భయపడాల్సింది దేనికి అన్నవన్నీ కలిపి చూస్తేనే సంగతి అర్థమవుతుంది.

ఇక్కడి లెక్కలు ఎందులో ఉన్నాయి

రెండో బొంబాయి అని పేరు మోసిన ప్రొద్దుటూరులో కొట్టుకొక కాలం నాటి కంప్యూటరు ఉంది. కొన్నిచోట్ల ఒకే సిస్టమ్‌లో మూడు తరాల ప్రోగ్రాములు పక్కపక్కనే ఉంటాయి. తొంభైలలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న తాకట్టు పద్దులు ఒక పక్క. విజువల్ బేసిక్‌లో తెరలు కట్టి, వెనక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలు పెట్టి, తెలిసిన కుర్రాడెవరో చేసిచ్చిన బిల్లింగు ప్రోగ్రాము ఇంకో పక్క. అన్నిటి మీదా ట్యాలీ. జమ్మలమడుగు చేనేత వ్యాపారి నూలు, కూలి పట్టీలైనా, ఎర్రగుంట్ల నాపరాళ్ల ఫ్యాక్టరీ లోడు లెక్కలైనా, పులివెందుల చీనీకాయల మండీ పద్దులైనా ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో ఉండే అవకాశమే ఎక్కువ.

పాత ప్రోగ్రాములను తీసేయొచ్చు కదా అంటే అది అంత తేలిక కాదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రంగా ఉంచాలి. 2013 కంపెనీల చట్టం కిందికి వచ్చే సంస్థలైతే ఎనిమిదేళ్లు. వివాదం కోర్టులో ఉంటే ఇంకా ఎక్కువ. తాకట్టు పద్దుకైతే ఆ నగ విడిపించుకునే రోజు దాకా కాలం చెల్లదు. అంటే డెస్క్‌టాప్ మీద ఏడాదికోసారి మాత్రమే నొక్కే ఐకాన్ కూడా, నొక్కిన రోజున పలకాలి. అలాంటి పాత ఐకాన్లే ముందుగా చెడిపోతాయి. మధ్యలో సిస్టమ్‌లో ఏం మారిందో ఎవరికీ గుర్తుండదు.

షార్ట్‌కట్ లోపల ఏముంటుంది

1995లో విండోస్ 95తో షార్ట్‌కట్ మన తెరల మీదికి వచ్చింది. అది ఎల్‌ఎన్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైలు. సాధారణంగా కొద్ది కిలోబైట్లకు మించదు. మామూలుగా ఆ ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ మనకు చూపించదు కాబట్టి ఐకానే అసలు ఫైలు అనుకోవడం సహజం. అందులో ఉండేది ఫైలు చిరునామా, ప్రోగ్రాము ఏ ఫోల్డరులో నిలబడి పని మొదలుపెట్టాలన్న సూచన, ప్రోగ్రాముకు అందించాల్సిన అదనపు మాటలు, ఐకాన్ బొమ్మ ఎక్కడుందన్న గుర్తు, డ్రైవ్ సీరియల్ నంబరు లాంటి కొన్ని ఆనవాళ్లు. మీ ఖాతాలోని ఒక్క పైసా కూడా అందులో లేదు. ఇల్లు మారిన బంధువుకు పాత చిరునామాతో పంపిన శుభలేఖ తిరిగొస్తే బంధువే లేడని ఎవరూ అనుకోరు. ఇదీ అంతే.

దీనికి ప్రపంచమంతా చూసిన రుజువు ఒకటుంది. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ఒక భద్రతా నియమం వాడుతున్న ఆఫీసుల్లో డెస్క్‌టాప్ మీదివీ స్టార్ట్ మెనూలోవీ షార్ట్‌కట్‌లను చెరిపేసింది. పొద్దున్నే ఉద్యోగులు సిస్టమ్ తెరిస్తే వర్డ్ లేదు, ఎక్సెల్ లేదు, యాక్సెస్ లేదు. నిజానికి ప్రోగ్రాములన్నీ ఉన్నాయి, ఫైళ్లన్నీ ఉన్నాయి. చిరునామా చీటీలు మాత్రమే పోయాయి. అంతకు ముందు విండోస్ 7లో ఇంకో చిత్రం జరిగేది. వారానికోసారి తనంతట తానే నడిచే నిర్వహణ పని, డెస్క్‌టాప్ మీద తెగిపోయిన షార్ట్‌కట్‌లు నాలుగు కంటే ఎక్కువ కనిపిస్తే వాటిని తీసేసేది. ఆ సమయానికి సర్వర్ సిస్టమ్ ఆపి ఉంటే, నెట్‌వర్క్ షార్ట్‌కట్‌లు కూడా తెగినవాటి లెక్కలోకి వచ్చేవి. ఆదివారం కొట్టు కట్టేసి, సోమవారం వచ్చేసరికి ఐకాన్లు మాయమైతే దొంగతనంగా ఎవరో సిస్టమ్ ముట్టుకున్నారని అనుమానపడిన వాళ్లుండొచ్చు. కారణం మాత్రం ఇది.

తెర మీద పెట్టె చెప్పేది చదవాలి

పెట్టె కనపడగానే ఓకే నొక్కేసి మళ్లీ ఐకాన్ నొక్కడం అందరికీ అలవాటు. ఆ పెట్టెను ఫోనుతో ఫొటో తీసుకోవడం కంటే విలువైన మొదటి పని లేదు. సగం రోగ నిర్ణయం అందులోనే ఉంటుంది.

ఫైలుగానీ డ్రైవ్‌గానీ దొరకలేదని ఉంటే చిరునామా చెడింది. ఈ ఫైలును దేనితో తెరవాలని అడిగితే ఫైలు దొరికింది, తెరిచే ప్రోగ్రాముతో దానికున్న సంబంధం తెగింది. అనుమతి లేదని అంటే ఫోల్డరు హక్కులో, పాస్‌వర్డో, లేదా యాక్సెస్ పాత భద్రతా ఫైలో కారణం. ప్రోగ్రాము తెరుచుకుని, ఆ తర్వాత లోపల ఎక్కడో ఆగిపోతే షార్ట్‌కట్ తన పని చేసేసింది, గొడవ ఇంకో మెట్టు కింద ఉంది. ఫైలు రూపం గుర్తుపట్టలేకపోతున్నానని యాక్సెస్ అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి, వెర్షన్ కుదరలేదు. రెండు, ఫైలుకే దెబ్బ తగిలింది. ఈ చివరి దానికి మాత్రమే గుండె దడ పడటంలో న్యాయం ఉంది.

తర్వాత చేయాల్సింది, షార్ట్‌కట్‌ను పక్కనపెట్టి అసలు ఫైలును నేరుగా తెరిచి చూడటం. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే టార్గెట్ అన్న గడిలో చిరునామా ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, ఆ ఫోల్డరు దాకా చేత్తో నడిచి వెళ్లాలి. అక్కడ ఫైలు ఉండి, నేరుగా నొక్కితే తెరుచుకుంటే జబ్బు షార్ట్‌కట్‌దే. ఫైలు అక్కడ లేకపోతే వెతకాలి. యాక్సెస్ అయితే ఎండీబీ లేదా ఏసీసీడీబీ, ఫాక్స్‌ప్రో అయితే డీబీఎఫ్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో డ్రైవ్ మొత్తం వెతికించి, చివరగా మారిన తేదీ ప్రకారం వరుస పెట్టాలి. ట్యాలీలో ఒక్కో కంపెనీకి 10000 లాంటి అంకెల పేరుతో ఒక్కో ఫోల్డరు ఉంటుంది. దాన్నే వెతకాలి.

చిరునామా చెడే దారులు

పెన్‌డ్రైవ్‌గానీ బయటి హార్డ్‌డిస్క్‌గానీ ఒకరోజు ఇ డ్రైవ్‌గా, ఇంకోరోజు ఎఫ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. షార్ట్‌కట్ మాత్రం పాత అక్షరాన్నే పట్టుకుని ఉంటుంది. లెక్కల ఫైలును బయటి డ్రైవ్‌లో పెట్టి రోజూ వాడటమే తప్పు పద్ధతి. తప్పనిసరైతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్‌కు స్థిరమైన అక్షరం కేటాయించాలి.

ఫోల్డరు పేరులో ఖాళీ ఉండటం ఇంకో సంగతి. టార్గెట్ గడిలో ముందు ప్రోగ్రాము చిరునామా, తర్వాత డేటా ఫైలు చిరునామా రాసేటప్పుడు ఒక్కోదాన్ని విడివిడిగా డబుల్ కొటేషన్లలో పెట్టాలి. లేకపోతే 'డి:\లెక్కలు 2017\ఖాతా' అని రాసినా ప్రోగ్రాముకు 'డి:\లెక్కలు' అన్నంతవరకే వినిపిస్తుంది. పైగా ఫోల్డరుకు మన లిపిలో పేరు పెడితే పాత ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములు దాన్ని చదవలేవు, అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వస్తాయి. ఆ కాలపు ప్రోగ్రాములు యూనికోడ్ తెలిసినవి కావు. తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకోవాలని గట్టిగా కోరుకునేవాణ్ణే అయినా, ఈ పాత ప్రోగ్రాముల డేటా ఫోల్డరుకు మాత్రం చిన్న ఇంగ్లీషు పేరే పెట్టమంటాను.

ఈమధ్య కాలంలో వన్‌డ్రైవ్ ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. కొత్త సిస్టమ్ మొదలుపెట్టేటప్పుడు వచ్చే ప్రశ్నలకు అన్నిటికీ అవును అని నొక్కుకుంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతాయి. డాక్యుమెంట్స్‌లో యాక్సెస్ ఫైలు ఉంటే దాని చిరునామా మారిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, తెరిచి రాస్తున్న డేటాబేసు ఫైలును ఇంటర్నెట్ మీదికి పంపుతూ ఉండటం మంచిది కాదు. రెండు సిస్టమ్‌లలో ఒకేసారి మారితే రెండు నకళ్లు తయారవుతాయి. లెక్కల ఫైలు వన్‌డ్రైవ్ బయట, సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో తన సొంత ఫోల్డరులో ఉండాలి.

'స్టార్ట్ ఇన్' గడి

ప్రాపర్టీస్‌లో టార్గెట్ కింద స్టార్ట్ ఇన్ అని ఇంకో గడి ఉంటుంది. రిపేరుకు వచ్చినవాళ్లు కూడా దాన్ని తరచుగా చూడరు. ఈ ప్రాంతపు పాత ప్రోగ్రాముల విషయంలో మాత్రం నేను ముందు దాన్నే చూడమంటాను.

ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాము రాసినవాళ్లు చాలామంది టేబుల్ పేరు మాత్రమే రాసేవాళ్లు, పూర్తి చిరునామా రాసేవాళ్లు కాదు. ప్రోగ్రాము తాను నిలబడిన ఫోల్డరులోనే టేబుళ్లను వెతుక్కుంటుంది. కాన్ఫిగ్.ఎఫ్‌పీడబ్ల్యూ అనే అమరికల ఫైలును కూడా అక్కడే చూస్తుంది. స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా ఉన్నా, వేరే ఫోల్డరు రాసి ఉన్నా, ప్రోగ్రాము తెరుచుకుంటుంది గానీ ఫైలు లేదంటుంది. చాలామంది దీన్నే డేటా చెడిందనుకుంటారు. డేటా ఉన్న ఫోల్డరు పేరును ఆ గడిలో రాస్తే చాలు.

ట్యాలీలో తీరు కొంచెం వేరు. ట్యాలీ.ఐఎన్‌ఐ అనే చిన్న అమరికల ఫైలులో డేటా ఎక్కడుందో రాసి ఉంటుంది. ట్యాలీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొత్త ఫోల్డరులోకి వెళ్తే, ఆ కొత్త ఫోల్డరులోని అమరికల ఫైలు కొత్త ఖాళీ డేటా చోటును చూపిస్తుంది. ఐకాన్ నొక్కితే ట్యాలీ చక్కగా తెరుచుకుంటుంది, కంపెనీ పేరు ఒక్కటీ ఉండదు. పదేళ్ల లెక్కలు ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. కంపెనీ ఎంచుకునే తెరలో డేటా దారిని పాత ఫోల్డరుకు మార్చితే అన్నీ తిరిగి కనిపిస్తాయి. ట్యాలీ ఈఆర్‌పీ 9 వచ్చింది 2009లో, ట్యాలీప్రైమ్ 2020లో. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిన ప్రతి కొట్టులోనూ ఈ గొడవకు చోటుంది. ట్యాలీ 7.2 కాలం నాటి డేటా అయితే దారి మార్చినంత మాత్రాన తెరుచుకోదు, దాన్ని కొత్త రూపానికి మార్చాలి. ఆ మార్పిడి కూడా నకలు మీదే చేయాలి, అసలు మీద కాదు.

యాక్సెస్‌లో ఈ చిక్కు మరో రూపంలో ఉంటుంది. మంచి పద్ధతిలో కట్టిన ప్రోగ్రాములో తెరలు ఒక ఫైలులో, టేబుళ్లు ఇంకో ఫైలులో ఉంటాయి. షార్ట్‌కట్ మొదటి దాన్ని తెరుస్తుంది. రెండోదాని చిరునామా మొదటి ఫైలు లోపలే రాసి ఉంటుంది. డేటా ఫోల్డరు మారితే షార్ట్‌కట్‌ను ఎన్నిసార్లు సరిచేసినా లాభం లేదు. లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి కొత్త చోటు చూపించాలి.

ప్రోగ్రాము మారినప్పుడు

కొన్ని షార్ట్‌కట్‌లలో యాక్సెస్ ప్రోగ్రాము చిరునామా పూర్తిగా రాసి ఉంటుంది. ఆఫీస్ 2007లో అది ఆఫీస్12 అన్న ఫోల్డరులో ఉండేది. ఇప్పటి వాటిలో రూట్ అనే ఫోల్డరు కింద ఆఫీస్16లో ఉంటుంది. 32 బిట్ల ఆఫీస్ అయితే ఎక్స్86 అని చివర ఉండే ఇంకో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో. ఆఫీస్ మార్చిన మర్నాడే ఐకాన్ పని చేయకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మరి ప్రోగ్రాము పేరు లేకుండా నేరుగా డేటా ఫైలుకే షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, చాలాచోట్ల అదే మేలు. ఒక్క మినహాయింపు ఉంది. పాత ఎండీబీ ఫైళ్లలో వాడకందారుల పేర్లు, పాస్‌వర్డులు ఎండీడబ్ల్యూ అనే విడి ఫైలులో ఉండేవి. షార్ట్‌కట్‌లో ఆ ఫైలు చిరునామాను ప్రత్యేకంగా అందించేవాళ్లు. అలాంటి ఫైలును నేరుగా నొక్కితే అనుమతి లేదంటుంది. కాబట్టి టార్గెట్ గడి చివర వర్క్‌గ్రూప్ అన్న సూచన కనిపిస్తే ఆ షార్ట్‌కట్‌ను పారేయకండి. యాక్సెస్ 2007తో వచ్చిన ఏసీసీడీబీ రూపంలో ఈ పద్ధతే లేదు. యాక్సెస్ 97లో చేసిన ఫైళ్లదీ ఇంకో కథ. యాక్సెస్ 2013 నుంచి వాటిని తెరవడం మానేసింది, 2010 లేదా అంతకు ముందు వెర్షన్‌లో మార్చుకుని రావాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. కొట్లలో సిస్టమ్‌లు మారుతున్న కాలమిది. విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. 64 బిట్ల విండోస్‌లో డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు నడవవు. అంటే డాస్ ఫాక్స్‌ప్రో తాకట్టు పద్దుల ఐకాన్ కొత్త సిస్టమ్‌లో ఏం చేసినా తెరుచుకోదు. డాస్‌బాక్స్ లాంటి ప్రోగ్రాము లోపల నడపొచ్చు, చూసుకోవడానికి అది చాలు. డీబీఎఫ్ ఫైళ్లను ఎక్సెల్‌లోనో యాక్సెస్‌లోనో తెరిచి నకలు తీసిపెట్టుకోవడం ఇంకా మేలు. మైక్రోసాఫ్ట్ విజువల్ ఫాక్స్‌ప్రోకు సైతం 2015 జనవరితో మద్దతు ఆపేసింది. ఆ దారి ఇక ముందుకు పోదు.

ముందు గదిలో బిల్లు, వెనక గదిలో సర్వర్

రెండు మూడు కౌంటర్లున్న కొట్టులో డేటా ఒక సిస్టమ్‌లో ఉంటుంది. దాన్నే అందరూ సర్వర్ అంటారు. మిగతా సిస్టమ్‌లలో జడ్ డ్రైవ్ లాంటి అక్షరంతో దాన్ని కలుపుతారు. పొద్దున అన్ని సిస్టమ్‌లూ ఒకేసారి ఆన్ చేస్తే, సర్వర్ లేచేలోపే కౌంటరు సిస్టమ్ దానికోసం చూసి, దొరక్క వదిలేస్తుంది. ఆ తర్వాత ఐకాన్ నొక్కితే డ్రైవ్ లేదంటుంది. సర్వర్‌ను ముందు ఆన్ చేయడం, షార్ట్‌కట్‌లో డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ చిరునామా రాయడం దీనికి మందు. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని నడిపితే మాత్రం కలిపిన డ్రైవ్ అక్షరాలు ఆ ప్రోగ్రాముకు కనిపించకపోవచ్చు. ఏది చెడినా అడ్మినిస్ట్రేటర్‌గా నడపమనే సలహా ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

సర్వర్ చిరునామాను అంకెల్లో రాసుకున్నవాళ్లకు ఇంటర్నెట్ రూటరు మార్చినప్పుడు దెబ్బ తగులుతుంది. రూటరు కొత్త అంకెలు కేటాయిస్తుంది.

నెట్‌వర్క్‌లో ఫైళ్ల పంపకపు పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 2017 మేలో వన్నాక్రై సైబర్ దాడిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ దాడి పాకింది ఎస్‌ఎంబీ అనే ఫైలు పంపకపు పద్ధతి తొలి రూపంలోని లోపం ద్వారా. అదే ఏడాది చివరి నుంచి విండోస్ 10 కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఆ తొలి రూపాన్ని తొలగిస్తూ వచ్చారు. విండోస్ ఎక్స్‌పీ సర్వర్‌తో నడిచే కొట్టులో కొత్త సిస్టమ్ పెడితే ఐకాన్ తెరుచుకోకపోవడానికి అది కారణం కావొచ్చు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్నీ ఆపేశారు. సర్వర్ ఫోల్డరును ఎవరైనా తెరిచేలా వదిలేసిన కొట్లకు ఇప్పుడు ఇది ఎదురుకావొచ్చు. ఆ పాత రూపాన్నీ అతిథి ప్రవేశాన్నీ తిరిగి ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను వద్దంటాను. అతిథి ప్రవేశం బదులు సర్వర్ మీద ఒక పేరు, ఒక పాస్‌వర్డు పెట్టి, కౌంటరు సిస్టమ్‌లో దాన్ని గుర్తుంచుకోమని చెప్పడానికి పది నిమిషాలు పట్టదు.

యాక్సెస్ ఫైలు పక్కన, తెరిచి ఉన్నంతసేపు ఒక తాళపు ఫైలు తయారవుతుంది. ఫోల్డరులో కొత్త ఫైలు రాసే హక్కు లేని మనిషి డేటాబేసును సరిగా తెరవలేడు, లేదా అతను తెరిస్తే మిగతావాళ్లకు తెరుచుకోదు. ఫైలుకు మాత్రమే హక్కు ఇచ్చి ఫోల్డరుకు ఇవ్వకపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఇక కరెంటు సంగతి. రాస్తున్న మధ్యలో సర్వర్ ఆగితే ఫైలుకు నిజంగానే గాయం కావొచ్చు. కౌంటర్ల దగ్గర యూపీఎస్ పెట్టి, సర్వర్‌నూ రూటరునూ మామూలు ప్లగ్గుకు వదిలేసే కొట్లు ఉన్నాయి. ఉన్న ఒక్క యూపీఎస్ సర్వర్‌కు వెళ్లాలి.

పెన్‌డ్రైవ్ తెచ్చే జబ్బు

మన ఊళ్ల జిరాక్సు కొట్లలో, డీటీపీ సెంటర్లలో షార్ట్‌కట్ వైరస్ పేరు తెలియనివాళ్లు ఉండరు. పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి, అసలు ఫోల్డర్లు దాగి ఉంటాయి. ఆ షార్ట్‌కట్‌ను నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డరు తెరుచుకుంటుంది. చూసినవాళ్లు ఫోల్డర్లు చెడిపోయాయనుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తారు. నిజానికి కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే ఆదేశంతో దాచిన గుర్తులను తీసేస్తే ఫైళ్లు అలాగే బయటపడతాయి. షార్ట్‌కట్‌ను ఆయుధంగా వాడటంలో ఇది చిన్న రకం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్, ఎల్‌ఎన్‌కే ఫైలు బొమ్మను విండోస్ చూపించే తీరులోని లోపాన్ని వాడుకుని పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకింది. ఆడిటరుకు డేటా ఇవ్వడానికి ఒకే పెన్‌డ్రైవ్‌ను ఊరంతా తిప్పే పద్ధతి మానుకోవాలి.

తెరుచుకోవడమే ప్రమాదమైనప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తెరుచుకోని షార్ట్‌కట్‌ల గురించి. తెరుచుకోని షార్ట్‌కట్ మోసం చేయదు, తన లోపాన్ని మొహం మీదే చెప్తుంది. నాకు భయం కలిగించేది తప్పు ఫైలును తెరిచే షార్ట్‌కట్.

అది ఎలా జరుగుతుందో చూడండి. ఐకాన్ పలకలేదు. రిపేరుకు వచ్చినవాడు ఎండీబీ ఫైళ్లకోసం వెతికాడు. బ్యాకప్ ఫోల్డరులో ఒకటి దొరికింది. దానికి కొత్త షార్ట్‌కట్ పెట్టాడు. తెరుచుకుంది. అందరికీ ఊపిరి వచ్చింది. అది మూడు నెలల కిందటి నకలు. ఆ రోజు నుంచి బిల్లులు అందులోకి ఎక్కుతాయి. వారం తర్వాత వెనక గదిలో సర్వర్ సరిగా లేచి, ఇంకో కౌంటరు పాత చిరునామాతో అసలు ఫైలును తెరిస్తే, ఒకే కొట్టుకు రెండు ఖాతాలు నడుస్తుంటాయి. బట్టల కొట్టులో ఇది బిల్లు నంబర్లు రెండుసార్లు రావడంగా, జీఎస్టీ లెక్క కుదరకపోవడంగా బయటపడుతుంది. తాకట్టు కొట్టులో ఇంకా ఘోరం. రెండు నెలల కిందట అసలూ వడ్డీ కట్టి గొలుసు విడిపించుకుపోయిన మనిషి పేరు, పాత నకలులో ఇంకా బాకీగానే ఉంటుంది. ఆ ఇంటికి నోటీసు వెళ్తే పోయేది కొట్టు పరువే.

విండోస్ కూడా ఒక్కోసారి దీనికి సాయపడుతుంది. చిరునామాలో ఫైలు లేకపోతే అది ఊరుకోదు. విండోస్ 2000 నుంచి ఉన్న లింక్ ట్రాకింగ్ సేవ, ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లలో ఫైలు ఎక్కడికి జరిగిందో ఆనవాళ్లు పట్టి వెతుకుతుంది. అసలు ఫైలును పాతవి అన్న ఫోల్డరులోకి జరిపి, కొత్తదాన్ని ఇంకో పేరుతో పెట్టారనుకోండి. షార్ట్‌కట్ ఆ పాత ఫైలు వెంటే పోయి దాన్నే తెరవగలదు. ఎక్స్‌పీ కాలంలో, పరిమాణం, తేదీ, రకం ప్రకారం దగ్గరగా ఉన్న ఫైలు ఇదీ, దీనికి కలపమంటావా అని విండోస్ అడిగేది. ఆ ప్రశ్నకు చదవకుండా అవును అనడం లెక్కల ఫైలు విషయంలో చాలా ప్రమాదం.

అందుకే, ఐకాన్ తిరిగి పని చేసిన వెంటనే కొత్త బిల్లు వేయకూడదు. చివరి బిల్లు నంబరు చూడాలి, దాన్ని చేతిలో ఉన్న కాగితపు బిల్లుతో పోల్చాలి. చివరి తాకట్టు రశీదు నంబరు, నిన్నటి నగదు నిల్వ సరిపోవాలి. ఈ మూడూ సరిపోతేనే అది అసలు ఫైలు. సరిపోకపోతే ఒక్క ఎంట్రీ కూడా చేయకుండా ఆపేయాలి. ఇప్పటికే రెండు ఖాతాలు నడిచిపోయి ఉంటే, తప్పు నకలులో చేరిన వోచర్లను ట్యాలీ నుంచి ఎగుమతి చేసి అసలులోకి తెచ్చుకోవచ్చు. యాక్సెస్‌లో అపెండ్ క్వెరీలతో చేర్చవచ్చు. ఎంత ముందు కనిపెడితే అంత తక్కువ పని.

సలహాలలో మంచీ చెడూ

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎక్కువగా వినిపించే సలహా. ప్రోగ్రాము చెడినప్పుడు పనికొస్తుంది, చిరునామా చెడినప్పుడు కొత్త ఖాళీ డేటా ఫోల్డరును సృష్టించి గందరగోళం పెంచుతుంది. బ్యాకప్ రీస్టోర్ చేయడం, అసలు ఫైలు ఎక్కడుందో తెలియకముందే చేస్తే, దాని మీదే పాత నకలును రుద్దే ప్రమాదం ఉంది. యాక్సెస్‌లోని కాంపాక్ట్ అండ్ రిపేర్ మంచి పనిముట్టే, అయితే ముందు ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీద చేయాలి. ఇక ఫార్మాట్. ఐకాన్ తెరుచుకోలేదన్న కారణంతో సిస్టమ్ ఫార్మాట్ చేయడానికి నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. డి డ్రైవ్‌లో డేటా ఉందిలే అన్న నమ్మకంతో సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టాక, ట్యాలీ డేటా సి డ్రైవ్‌లోని పబ్లిక్ ఫోల్డరులో ఉండేదని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

అన్నీ క్లౌడ్‌లో పెట్టేస్తే ఈ బాధ ఉండదనే వాదన ఉంది. కొంతవరకు నిజం. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకాన్ని ఆమోదించింది. ఉమ్మడి సాఫ్ట్‌వేర్ మీద నడిచే అలాంటి చోట గుమాస్తాకు ఫైలు ఎక్కడుందన్న బెంగ తగ్గుతుంది. చిన్న కొట్టుకు మాత్రం నెలనెలా రుసుము, ఆగి ఆగి వచ్చే ఇంటర్నెట్, పాత ఏళ్ల లెక్కలు ఇంకా పాత సిస్టమ్‌లోనే ఉండిపోవడం అనే మూడూ మిగిలే ఉంటాయి. ఇంకో పదేళ్లు ఈ ఐకాన్లు మనతోనే ఉంటాయి.

ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, పులివెందులలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే పిల్లలకు డేటాబేసు పాఠంలో భాగంగా ఒక్కో కొట్టుకు వెళ్లి, డేటా ఎక్కడుందో గుర్తించి కాగితం మీద రాసిచ్చే పని అప్పగిస్తే, ఈ ప్రాంతపు వ్యాపారులకు దాన్ని మించిన సాయం ఉండదు. అధ్యాపకులు ఆలోచించాలి.

అప్పటిదాకా వ్యాపారులే చేసుకోగలిగిన పని ఒకటుంది. ఈ రాత్రి కొట్టు కట్టేసే ముందు, లెక్కల ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, టార్గెట్ గడిలోనూ స్టార్ట్ ఇన్ గడిలోనూ ఉన్నది ఉన్నట్టు చిట్టా పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. డేటా ఉన్న సిస్టమ్ పేరు, డ్రైవ్, ఫోల్డరు, ఈనాటి చివరి బిల్లు నంబరు, ప్రోగ్రాము వెర్షన్ కూడా రాయండి. మీ గుమాస్తాకూ ఇంట్లో ఇంకొకరికీ ఆ పేజీ చూపించండి. రేపు ఐకాన్ తెరుచుకోకపోతే, రిపేరుకు వచ్చినవారి చేతికి ముందు ఆ పేజీ ఇవ్వండి, తర్వాతే మౌస్ ఇవ్వండి.